రాయే తిండి, రాయే ఊపిరి

దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటి. బంగారం కోసం తవ్వుకుంటూ పోయిన ఆ గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున, ఒక రాతి పగులు నుంచి నీళ్లు ఊరాయి. నీటి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది. అందులో ఆక్సిజన్ లేదు. పైనున్న వెలుగు లోకంతో ఆ నీటికి సంబంధం తెగిపోయి లక్షల ఏళ్లు దాటింది. పరిశోధకులు వేల లీటర్ల నీటిని ఫిల్టర్ల గుండా పంపి, వాటి మీద చిక్కిన డీఎన్ఏను చదివారు. 2008లో ఫలితం బయటికొచ్చింది. ఆ డీఎన్ఏలో 99.9 శాతానికి పైగా ఒకే ఒక్క బ్యాక్టీరియా జాతిది. దానికి డీసల్ఫోరుడిస్ ఆడాక్స్‌వయేటర్ అని పేరు పెట్టారు.

ఏ చెరువులోంచైనా ఒక చుక్క నీరు తీస్తే అందులో వందల జాతులుంటాయి. ఒకటి వదిలేసింది ఇంకొకటి తింటుంది, ఒకటి తయారుచేసుకోలేనిది మరొకటి ఇస్తుంది. ఎంపొనెంగ్ పగులులో ఆ ఇచ్చిపుచ్చుకోవడం దాదాపు లేదు. ఆ బ్యాక్టీరియా జన్యువులు చదివితే కారణం తెలిసింది. నీటిలో కరిగిన కార్బన్ సమ్మేళనాల నుంచి ఒంటికి కావలసిన కార్బన్‌ను అదే తీసుకోగలదు. నైట్రోజన్‌ను అదే స్థిరీకరించుకోగలదు. ప్రోటీన్లకు అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ సొంతంగా చేసుకోగలదు. పరిస్థితి మరీ కష్టమైతే గట్టి పెంకు గల స్పోరుగా మారి ఆగిపోగలదు. ఒక అడవి మొత్తం కలిసి చేసే పనిని ఒక్క కణం చేస్తోంది.

అయితే అసలు ప్రశ్న తిండి గురించి. ఎండ లేదు, మొక్క లేదు, పైనుంచి రాలే ఆకులూ అలములూ లేవు. మరి శక్తి ఎక్కడిది?

రాతిలోంచే. ఆ రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి. ఇవి రేడియోధార్మిక క్షయం చెందుతూ కిరణాలు వెలువరిస్తాయి. ఆ కిరణాలు పగుళ్లలోని నీటి అణువులను తాకి విడగొడతాయి. దీన్ని రేడియోలిసిస్ అంటారు. విరిగిన ముక్కల్లో కొన్ని కలిసి హైడ్రోజన్ వాయువు అవుతుంది. మిగిలినవి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఆక్సీకరణ పదార్థాలవుతాయి. ఇవి పక్కనే ఉన్న పైరైట్ ఖనిజం మీద, అంటే ఇనుము, గంధకం కలిసిన రాయి మీద, పనిచేసి సల్ఫేట్‌ను పుట్టిస్తాయి. బ్యాక్టీరియా హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని సల్ఫేట్‌కు అప్పగిస్తుంది. ఆ మధ్యలో చిక్కిన శక్తే దాని బతుకు. మిగిలే వ్యర్థం హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు.

ఇందులో ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. తిండీ, ఊపిరీ రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. పైలోకంలో మొక్కలు సూర్యుడి శక్తితో చక్కెరనూ ఆక్సిజన్‌నూ కలిపే తయారుచేస్తాయి, మిగతా జీవులు ఆ రెంటినీ మళ్లీ కలిపి బతుకుతాయి. ఎంపొనెంగ్ లోతుల్లో సూర్యుడి పాత్రను యురేనియం పోషిస్తోంది. యురేనియం-238 సగం తరగడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసు కూడా దాదాపు అంతే. అంటే ఈ వంటిల్లు ఇప్పట్లో మూతపడేది కాదు.

భూగర్భ జీవాన్ని అర్థం చేసుకోవాలంటే ఊపిరి అనే మాటను కొంచెం విశాలంగా చూడాలి. జీవరసాయనంలో ఊపిరి అంటే ఎలక్ట్రాన్లను ఒక చోట తీసుకుని మరో చోట వదలడం. మనుషులు అన్నంలోంచి తీసుకున్న ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇస్తారు. ఆక్సిజన్ లేనిచోట ఎలక్ట్రాన్లు తీసుకునే మరో పదార్థం కావాలి. సూక్ష్మజీవులకు ఈ విషయంలో చాలా దారులున్నాయి. నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్, చివరికి కార్బన్ డయాక్సైడ్. ఇదొక నిచ్చెన. పై మెట్టు మీద ఎక్కువ శక్తి దొరుకుతుంది, కిందికి దిగేకొద్దీ తగ్గుతుంది. సముద్రం అడుగున బురదలోకి దిగుతూ పోతే చాలాచోట్ల ఈ మెట్లు అదే వరసలో పొరలుపొరలుగా కనిపిస్తాయి. పైపొరలో ఆక్సిజన్ అయిపోతుంది, తర్వాత నైట్రేట్, తర్వాత ఇనుము, సల్ఫేట్. అవన్నీ ఖర్చయ్యాక మిగిలే చివరి పొరలో మీథేన్ పుడుతుంది. ఎవరికి ఎక్కువ శక్తి దొరికితే వాళ్లు ముందు తినేస్తారు, మిగిలినదానితో కిందివాళ్లు సరిపెట్టుకుంటారు. నీటి నమూనాలో ఏది అయిపోయిందో, ఏది పేరుకుందో చూస్తే అక్కడ ఎవరు పనిచేస్తున్నారో చెప్పొచ్చు.

ఈ నిచ్చెనలో అన్నిటికన్నా విడ్డూరంగా అనిపించే మెట్టు ఇనుముది. ఆక్సిజన్, సల్ఫేట్ నీటిలో కరుగుతాయి కాబట్టి కణం దగ్గరికి వచ్చి చేరతాయి. తుప్పు, అంటే ఆక్సిజన్‌తో కలిసిన ఇనుము, అలా రాదు, అది గట్టి ఖనిజం. కణం దాన్ని మింగలేదు. 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలో దొరికిన జియోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా దీనికి వేరే ఉపాయం చేసింది. ఎలక్ట్రాన్లను కణం లోపలి నుంచి బయటికి మోసుకెళ్లి ఖనిజం మీద వదులుతుంది. అందుకోసం అది విద్యుత్తు ప్రవహించే సన్నటి తంతువులను ఒంట్లోంచి బయటికి చాస్తుంది. ఈ తంతువుల్లో కొన్ని సైటోక్రోమ్ ప్రోటీన్ల గొలుసులని, వాటి లోపల ఇనుము గల హీమ్ అణువులు వరసగా పేర్చి ఉంటాయని 2019లో తేలింది. ప్రోటీన్‌తో చేసిన కరెంటు తీగ అది. ఎలక్ట్రాన్ అందుకున్న తుప్పు రూపం మారి నీటిలో కరుగుతుంది. రాయిని నీటిలో కరిగించే పనిలో ఇది పెద్ద అడుగు, దీని ఫలితాలు మనుషుల దాకా వస్తాయి. ఆ సంగతి కొంచెం ముందుకెళ్లాక.

హైడ్రోజన్‌కు రేడియోలిసిస్ ఒక్కటే దారి కాదు. భూమి మాంటిల్ నుంచి, అంటే పైపెంకు కిందున్న పొర నుంచి, పైకొచ్చిన రాళ్లలో ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం ఎక్కువగా ఉంటుంది. అందులోని ఇనుము నీటితో చర్య జరిపి, నీటిలోని ఆక్సిజన్‌ను తాను పట్టుకుని, హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. రాయి సర్పెంటైన్‌గా మారిపోతుంది. ఒమన్ పర్వతాల్లో ఇలాంటి రాయి నేల మీదే బయటపడి ఉంది కాబట్టి అక్కడ బోర్లు వేసి ఈ చర్యనూ, దాని మీద బతికే సూక్ష్మజీవులనూ చూస్తున్నారు. అట్లాంటిక్ సముద్రం అడుగున 2000లో కనుగొన్న లాస్ట్ సిటీ అనే వేడి ఊటల క్షేత్రంలో కూడా ఇదే రసాయనం నడుస్తోంది. జీవం మొదట ఎక్కడ పుట్టిందనే చర్చలో ఈ రాళ్ల పేరు తరచూ వినిపించడానికి కారణం ఇదే. నీరు, రాయి ఉంటే చాలు, శక్తి దానంతటదే పుడుతుంది.

ఇదంతా నమ్మడానికి శాస్త్రలోకానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. షికాగో విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్ 1920ల్లోనే చమురు బావుల నీటిలో సల్ఫేట్‌తో ఊపిరి తీసే బ్యాక్టీరియా ఉందని చెప్పాడు. బావి తవ్వేటప్పుడు పైనుంచి పడి ఉంటాయని చాలామంది కొట్టిపారేశారు. 1950ల్లో సముద్ర సూక్ష్మజీవ శాస్త్రానికి పెద్దదిక్కు లాంటి క్లాడ్ జోబెల్, తన సహచరుడితో కలిసి, సముద్రం అడుగు బురదలో జీవం ఏడున్నర మీటర్ల దగ్గర ఆగిపోతుందని రాశాడు. అప్పటి పద్ధతి ప్రకారం సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూపితేనే ఉన్నట్టు. వందల ఏళ్లకొకసారి రెండుగా చీలే కణం ల్యాబ్ ప్లేటు మీద వారంలో పెరుగుతుందా? పెరగలేదు. కాబట్టి లేదన్నారు.

అనుమానం మాత్రం అర్థంలేనిది కాదు. బోరు వేయాలంటే డ్రిల్లింగ్ బురదను లోపలికి పంపాలి, ఆ బురద నిండా పైలోకపు బ్యాక్టీరియా ఉంటుంది. బయటికొచ్చిన రాతి కోర్‌లో, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీలో, కనబడిన కణం లోపలిదా, వెంట వెళ్లినదా ఎలా తెలుస్తుంది? దీనికి వెతికిన పరిష్కారం చాలా నేర్పుగా ఉంటుంది. డ్రిల్లింగ్ ద్రవంలో ప్రకృతిలో దొరకని పెర్‌ఫ్లోరోకార్బన్ రసాయనాన్ని కలుపుతారు. బ్యాక్టీరియా అంత సైజులో ఉండి వెలుగునిచ్చే చిన్న ప్లాస్టిక్ గోళీలను కోర్ దగ్గర వదులుతారు. కోర్ బయటికి రాగానే ఆక్సిజన్ లేని గదిలో పెట్టి, బయటి అంచులను చెక్కేసి, మధ్యభాగాన్ని మాత్రమే తీసుకుంటారు. ఆ మధ్యభాగంలో రసాయనం జాడ గానీ, ఒక్క గోళీ గానీ కనిపిస్తే నమూనాను పక్కన పడేస్తారు. ఈ వడపోతను దాటి కూడా కణాలు కనిపించాకే వాదన ముగిసింది. 1980ల్లో అమెరికా ఇంధన శాఖ సవానా రివర్ దగ్గర వేయించిన బోర్లు, 1994లో జాన్ పార్క్స్ బృందం సముద్రం అడుగున 500 మీటర్లకు పైగా లోతు నుంచి చూపిన కణాలు తలుపు తెరిచాయి. వీటి మధ్య 1992లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త థామస్ గోల్డ్, భూమి లోపల పైలోకంతో పోటీపడేంత జీవరాశి ఉండవచ్చని రాశాడు. చమురు పుట్టుక గురించి ఆయన చెప్పిన సిద్ధాంతం నిలబడలేదు గానీ, లోతున జీవం విస్తారంగా ఉందన్న మాట నిలబడింది.

ఎంత విస్తారం? డీప్ కార్బన్ అబ్జర్వేటరీ అనే అంతర్జాతీయ పరిశోధన బృందం 2018లో ఇచ్చిన అంచనా ప్రకారం, భూగర్భ జీవరాశిలోని కార్బన్ 1,500 కోట్ల నుంచి 2,300 కోట్ల టన్నులు. మనుషులందరి ఒంట్లోని కార్బన్‌తో పోలిస్తే ఇది రెండు వందల రెట్లకు పైనే. ఆ జీవం విస్తరించిన రాతి పరిమాణం మహాసముద్రాలన్నిటి నీటికి దాదాపు రెట్టింపు. భూమి మీది బ్యాక్టీరియా, వాటిలాగే ఏకకణ జీవులైన ఆర్కియాల్లో 70 శాతం దాకా నేల కిందే ఉన్నాయని అదే అంచనా. సూక్ష్మజీవులే కాదు, దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనిలో కిలోమీటరుకు పైగా లోతున బ్యాక్టీరియాను తిని బతికే ఒక సన్నటి పురుగు కూడా 2011లో బయటపడింది.

అయితే ఈ జీవరాశి వేగం మన ఊహకు అందదు. తిండి అంత తక్కువగా అందుతున్నప్పుడు కణం పెరగడం మానేస్తుంది. దెబ్బతిన్న డీఎన్ఏను, ప్రోటీన్లను బాగుచేసుకోవడానికి సరిపడా శక్తి దొరికితే అదే గొప్ప. దక్షిణ పసిఫిక్ మధ్యలో, పోషకాలు బొత్తిగా లేని సముద్రం అడుగున, 10 కోట్ల ఏళ్ల నాటి బంకమట్టిని పైకి తెచ్చారు. యూకి మొరోనో బృందం ఆ మట్టికి ల్యాబ్‌లో పోషకాలు అందించింది. అందులోని సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం తినడం మొదలుపెట్టాయి, విభజన చెందాయి. 2020లో వచ్చిన ఈ ఫలితంలో స్పోరులుగా నిద్రపోయినవి నిద్రలేవడం కాదు ముఖ్యం. చాలా కణాలు స్పోరులు కానేకావు. డైనోసార్ల కాలంలో పూడుకుపోయిన సమూహం సంపూర్ణంగా ఆగిపోకుండా ఇన్నాళ్లూ ఉంది. ఆ మట్టిలో పైనుంచి ఆక్సిజన్ కొద్దిగా అందుతోంది, అది వాటికి కలిసొచ్చింది.

లోతుకు హద్దు వేసేది ముఖ్యంగా వేడి. ల్యాబ్‌లో ఇప్పటిదాకా పెరిగిన జీవుల్లో అత్యధిక వేడిని తట్టుకున్న రికార్డు 122 డిగ్రీలు, మీథనోపైరస్ అనే ఆర్కియాది. జపాన్ తీరంలోని నంకాయ్ అగాధం దగ్గర 2016లో చిక్యు అనే తవ్వకాల నౌక సముద్రం అడుగున సుమారు 1.2 కిలోమీటర్ల లోతు దాకా, 120 డిగ్రీల వేడి పొరల దాకా తవ్వింది. వేడి పెరిగేకొద్దీ కణాల సంఖ్య బాగా పడిపోయింది, కొన్ని పొరల్లో ఒక్కటీ దొరకలేదు. అయినా అట్టడుగున మళ్లీ కొన్ని కనిపించాయి. పైగా అక్కడి కణాలు ఒక్కొక్కటీ అనుకున్నదానికన్నా ఎంతో చురుగ్గా పనిచేస్తున్నట్టు లెక్క తేలింది. వేడి వల్ల ఒళ్లు ఎప్పటికప్పుడు దెబ్బతింటుంది కాబట్టి మరమ్మతుకు అంత శక్తి కావాలి. నెమ్మదిగా బతకడం చల్లటి చోట్లే సాధ్యమన్నమాట.

ఇంత నెమ్మదైన జీవులు రసాయనాన్ని ఏం మారుస్తాయి అనిపించవచ్చు. కాలాన్నీ పరిమాణాన్నీ కలిపి గుణిస్తే జవాబు దొరుకుతుంది. కెనడాలోని ఆల్బర్టా తారు ఇసుకను చూడండి. ఒకప్పుడు అది పల్చటి చమురు. 80 డిగ్రీల లోపు వేడి ఉన్న నిల్వల్లో సూక్ష్మజీవులు తేలికైన భాగాలను తినేసి, తినలేని జిగటను మిగిల్చాయి. అంతకన్నా వేడిగా మారిన నిల్వల్లో వాటి ఆట సాగలేదు, అక్కడ చమురు బాగానే ఉంది. ప్రపంచ సహజ వాయువు నిల్వల్లోనూ ఐదో వంతు దాకా సూక్ష్మజీవులు చేసిన మీథేనే అని చాలాకాలంగా ఉన్న అంచనా. దాన్ని గుర్తుపట్టడానికి కార్బన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు, చూస్తారు. ఎంజైములు తేలికైన కార్బన్-12తో త్వరగా పనిచేస్తాయి కాబట్టి, జీవులు చేసిన మీథేన్‌లో అదే ఎక్కువగా ఉంటుంది.

మీథేన్ చేసేవాళ్లే కాదు, తినేవాళ్లూ ఉన్నారు. సముద్రం అడుగున పుట్టే మీథేన్‌లో 90 శాతం దాకా నీటిలోకి రాకముందే ఖర్చైపోతుందని అంచనా. ఈ పని ఒక జంట చేస్తుంది. లోపల ఆర్కియా కణాల గుత్తి, దాని చుట్టూ సల్ఫేట్‌తో ఊపిరి తీసే బ్యాక్టీరియా పొర. ఆర్కియా మీథేన్ నుంచి ఎలక్ట్రాన్లు తీసి పక్కవాళ్లకిస్తే, వాళ్లు వాటిని సల్ఫేట్‌కు ఇస్తారు. విడివిడిగా ఎవరికీ గిట్టుబాటు కాని పని ఇద్దరూ కలిస్తే గిట్టుతుంది, అది కూడా అంతంతమాత్రంగానే. 2000లో అమెరికా ఒరెగాన్ తీరం దగ్గరి బురదలో ఈ గుత్తులను మైక్రోస్కోప్ కింద రంగులద్ది చూపించారు. ఈ చర్యలో పుట్టే బైకార్బనేట్ కాల్షియంతో కలిసి సున్నపురాయిగా గట్టిపడుతుంది. మీథేన్ గాలిలోకి చేరితే కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అది రాయిగా మారి అడుగునే ఉండిపోవడం ఎంత పెద్ద మేలో వేరే చెప్పక్కర్లేదు.

మేలు అన్నిసార్లూ జరగదు. జియోబ్యాక్టర్ కరిగించే తుప్పు దగ్గరికి మళ్లీ వద్దాం. బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్ డెల్టా ఇసుకలో ఆర్సెనిక్ ఇనుప ఆక్సైడ్ల మీద అంటుకుని ఉంటుంది. అలా ఉన్నంతకాలం ప్రమాదం లేదు. మట్టిలో పూడిన సేంద్రియ పదార్థాన్ని తింటూ ఇనుముతో ఊపిరి తీసే బ్యాక్టీరియా ఆ ఆక్సైడ్లను కరిగించేసరికి ఆర్సెనిక్ నీటిలోకి వదులవుతుంది. చెరువుల నీటితో వచ్చే అంటువ్యాధులను తప్పించడానికి 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశంతో వేసిన ఆ బావుల నీరే కోట్ల మందికి నెమ్మది విషమైంది. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితిని చాలా బావులు ఎన్నో రెట్లు దాటాయి. విషం పైనుంచి ఎవరో కలిపింది కాదు. నీటి రసాయనాన్ని ఎవరు నడుపుతున్నారో చూడకుండా బావి వేయడం వల్ల జరిగిన నష్టమది.

భూగర్భంలోకి మనుషులు ఏది పంపినా అక్కడ దానికోసం ఆకలితో ఎదురుచూసేవాళ్లు ఉంటారు. ఇంజనీర్లకు ఈ సంగతి మొదట నేర్పింది చమురు రంగం. బావిలో ఒత్తిడి నిలబెట్టడానికి సముద్రపు నీటిని లోపలికి పంపితే, ఆ నీటిలోని సల్ఫేట్ అక్కడి బ్యాక్టీరియాకు విందవుతుంది. కొన్నేళ్లకు బావిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ రావడం మొదలవుతుంది. అది పైపులను తినేస్తుంది, పనివాళ్ల ప్రాణాలకూ ముప్పు. విరుగుడు కూడా నిచ్చెనలోంచే దొరికింది. నీటితో పాటు నైట్రేట్ పంపితే పై మెట్టువాళ్లు బలపడి, సల్ఫేట్ వాళ్లకు తిండి దక్కనివ్వరు.

అణు వ్యర్థాల విషయంలో అవే సల్ఫైడ్ అణువులు ఇంకా పెద్ద టెన్షన్. ఫిన్లాండ్‌లోని ఒన్కాలో కేంద్రంలో వాడేసిన అణు ఇంధనాన్ని 400 మీటర్లకు పైగా లోతున, రాగి డబ్బాల్లో పెట్టి పూడ్చాలని నిర్మించారు. ఆక్సిజన్ లేని నీటిలో రాగి చాలా స్థిరంగా ఉంటుంది, సల్ఫైడ్ తగిలితే మాత్రం తుప్పు పడుతుంది. లక్ష ఏళ్లు ఆగాల్సిన డబ్బాకు ఇది చిన్న విషయం కాదు. అందుకే డబ్బా చుట్టూ బెంటొనైట్ బంకమట్టిని గట్టిగా కుదించి నింపుతారు. ఆ మట్టి తడిసి ఉబ్బినప్పుడు దానిలోని రంధ్రాలు బ్యాక్టీరియా కదలలేనంత, పెరగలేనంత ఇరుకవుతాయి. సల్ఫైడ్ కూడా దాని గుండా చాలా మెల్లగా పాకుతుంది. ఏ సాంద్రత దగ్గర బ్యాక్టీరియా పని పూర్తిగా ఆగుతుందో స్వీడన్‌లోని ఎస్పో భూగర్భ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పరీక్షించారు.

ఇప్పుడు అదే ప్రశ్న హైడ్రోజన్ నిల్వ దగ్గర ఎదురవుతోంది. గాలి, సౌర విద్యుత్తు మిగిలినప్పుడు దానితో హైడ్రోజన్ చేసి, ఖాళీ అయిన గ్యాస్ క్షేత్రాల్లోనో, నీరున్న ఇసుకరాయి పొరల్లోనో దాచాలని చాలా దేశాలు ప్రయత్నిస్తున్నాయి. భూగర్భ జీవులకు హైడ్రోజన్ కన్నా ఇష్టమైన తిండి లేదు. చెక్ దేశంలోని లోబోడిసెలో ఒకప్పుడు బొగ్గు నుంచి చేసిన, హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న టౌన్ గ్యాస్‌ను ఇలాగే భూమిలో నిల్వచేస్తే, తిరిగి తీసేసరికి హైడ్రోజన్ తగ్గి మీథేన్ పెరిగింది. నాలుగు హైడ్రోజన్ అణువులనూ ఒక కార్బన్ డయాక్సైడ్ అణువునూ కలిపి ఒక మీథేన్ అణువు చేసే ఆర్కియా పని అది. ఆ నష్టం తగ్గాలంటే ఉప్పు గుహలను ఎంచుకోవచ్చు. అంత ఉప్పులో చాలా కణాలు పనిచేయలేవు, అయినా ఉప్పును తట్టుకుని సల్ఫేట్‌తో ఊపిరి తీసే జాతులు కొన్ని అక్కడా ఉన్నాయి. లేదా వేడి ఎక్కువున్న లోతైన పొరలను ఎంచుకోవచ్చు. చోటు ఎంచేముందు రాతి బలం, లీకులు చూసినట్టే, అక్కడి నీటిలో ఏ జాతులున్నాయో, వాటికి సల్ఫేట్, కార్బన్ డయాక్సైడ్ ఎంత అందుతాయో కొలవాలి. ఆ కొలత లేకుండా నింపిన హైడ్రోజన్‌లో ఎంత తిరిగొస్తుందో లెక్కగట్టే దారి లేదు.